ఆఖరి రీలు తిరిగినంతసేపు

మొన్న శనివారం మధ్యాహ్నం సాకేత్‌లోని ఒక మాల్‌లో, పడకకుర్చీని తలపించే సినిమాకుర్చీలో కూర్చుని, ఒక ప్రేమకథను చూశాను. చూశానన్న మాట పూర్తిగా నిజం కాదు. తెరమీద కథ నడుస్తున్నంతసేపూ నా చేతులు కాగితపు రుమాలును మడుస్తూ విప్పుతూ ఉన్నాయి. పాదాలు చెప్పుల్లో నిలవలేదు. దాహం లేకుండానే రెండుసార్లు నీళ్ళు తాగాను. నాకు ఒకవైపు గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు, మరొకవైపు మా బాబాయి. ఆయన మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. నాకంటె పదమూడేళ్ళు పెద్ద. ఎనభై దాటి చాలాకాలమైంది.

కథలో వింత ఏమీ లేదు. నాయకుడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు. నాయిక విడాకుల కేసులు వాదించే వకీలు. మొదటి పది నిమిషాల్లో ఇద్దరూ కారు నిలిపే జాగా కోసం తగవులాడుకున్నప్పుడే వీళ్ళకు పెళ్ళి ఖాయమని హాలులో ప్రతివారికీ తెలిసిపోయింది. తెలియనిది ఆ ఇద్దరికే. వాళ్ళకు తెలిసేసరికి రెండుంబావు గంటలు పట్టింది. అయినా ముచ్చటగా ఉంది. అలిగిన నాయిక వానలో నిలబడి, గొడుగు పట్టిన నాయకుణ్ణి వదిలేసి, ఆ గొడుగుతోనే వాదన పెట్టుకున్నప్పుడు నేను కూడా పైకే నవ్వాను. నవ్విన మరుక్షణం మళ్ళీ కాళ్ళు ఊపడం మొదలుపెట్టాను.

“అమ్మమ్మా, ఆరామ్ సే బైఠో నా! ఎన్నిసార్లు కదుల్తావ్?” అని మనవరాలు విసుక్కుంది.

“కుర్చీ సరిగా లేదే.”

“రిక్లైనర్ అది! బటన్ నొక్కితే పూరా లేట్ సక్తే హై.”

“పడుకోవడానికైతే ఇల్లుంది కదా.”

“ష్! ఇద్దరూ నోరు మూయండర్రా,” అన్నాడు బాబాయి, తెరమీదినుంచి చూపు తిప్పకుండానే. “వాడిప్పుడు అబద్ధం చెప్పబోతున్నాడు. ఆ పిల్లకు తెలిసిపోతుంది. ఇంటర్వెల్ వస్తుంది.”

ఆయన చెప్పిన వరుసలోనే అబద్ధమూ, తెలియడమూ, ఇంటర్వెలూ వచ్చాయి.

ఇటీవల కొన్నేళ్ళుగా ఈ బాపతు సినిమాలంటే బాబాయికి పిచ్చి పట్టుకుంది. మా పిన్ని పోయిన తరువాత మొదలైందని వాళ్ళ అబ్బాయి అంటాడు. ఢిల్లీలో ఎక్కడ తెలుగు సినిమా పడినా ద్వారకనుంచి మెట్రో ఎక్కి వచ్చేస్తాడు. ఆయనకొక అలవాటు ఉంది. కథ ముగిసి, దీపాలు వెలిగి, జనం లేచిపోయినా ఆయన లేవడు. వంటవాళ్ళ పేర్లూ, వడ్రంగుల పేర్లూ పైకి ప్రాకిపోయి, తెర నల్లబడేదాకా కూర్చుంటాడు. మా మనవరాలు “బడే నానూ, ఖతమ్ హో గయా!” అని చేయిపట్టి లాగినా కదలడు. అది వృద్ధాప్యపు చాదస్తమనే నేనూ అనుకుంటూ వచ్చాను.

మొన్నటి సినిమాలో పతాకఘట్టం ఒక బస్టాండులో పెట్టారు. మెట్రోలూ విమానాలూ ఉండగా బస్టాండు ఎందుకు పెట్టారో ఆ దర్శకుడికే తెలియాలి. నాయిక ఒక్కతే పెట్టె పక్కన పెట్టుకుని నిలబడింది. తెర అంతా ఆమె ముఖమే. అంతే. నేను లేచి, చీకట్లో మెట్లు తడుముకుంటూ బయటకు వచ్చేశాను.

ఆ ముఖాన్ని నేను ఎరుగుదును.

*

ఆ రోజుల్లో ఢిల్లీలో తెలుగు సినిమా అంటే నెలకు ఒక్క ఆదివారం, ఒక్క ఉదయపు ఆట. మా నాన్నగారు తెలుగు బడిలో పండితులు. మేము నగరానికి దక్షిణాన ప్రభుత్వపు క్వార్టర్లలో రెండుగదుల ఇంట్లో ఉండేవాళ్ళం. శీతకాలం వస్తే వీధంతా అంగీఠీ కుంపట్ల బొగ్గుపొగ, ట్రంకుపెట్టెల్లోంచి తీసిన స్వెట్టర్లనుంచి కలరాఉండల వాసన. ఆ రెండు వాసనలకూ మూడవదిగా, సినిమా ఆదివారం నాడు మాత్రం, మా అమ్మ తెల్లవారగానే కలిపే పులిహోర ఇంగువవాసన తోడయ్యేది. సినిమాకు పులిహోర ఎందుకని ఎవరూ అడిగేవారు కారు. తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే అది వనభోజనమే అయ్యేది. హాలు వాకిట్లో చలికి ముడుచుకుంటూ, డబ్బామూతల్లో పులిహోర పెట్టుకుని, ఊళ్ళనుంచి వచ్చిన ఉత్తరాల సంగతులు చెప్పుకునేవారు. నిప్పుల మీద చిలగడదుంపలు కాల్చే హిందీ ముసలాయన మావాళ్ళ పులిహోర రుచి మరిగి, ఒక దుంప ఇచ్చి ఒక మూతెడు తీసుకునేవాడు.

సినిమా దక్షిణాదినుంచి రైల్లో, ఇనుపపెట్టెలో వచ్చేది. ఒకటే ప్రతి. ఆడవలసిన హాళ్ళు రెండు: ఒకటి కరోల్‌బాగ్ వైపు, రెండవది మా క్వార్టర్ల దగ్గర. అందుచేత తెలుగు సంఘంవారు ఒక ఏర్పాటు చేశారు. కరోల్‌బాగ్‌లో ఆట మొదలైన గంటన్నరకు మా దగ్గర మొదలయ్యేది. అక్కడ తిరిగిపోయిన రీళ్ళను నాలుగేసి చొప్పున స్కూటరు మీద ఇక్కడికి మోసుకురావాలి. మొత్తం పదిహేడు రీళ్ళయితే, నాలుగు దఫాలు పోగా చివరికి ఒక్క రీలు మిగులుతుంది. ఆ ఒక్కదానికోసం మళ్ళీ ఒక ప్రయాణం. రెండు హాళ్ళ మధ్య ఆ ఆదివారమంతా తిరిగే మనిషి మా బాబాయి.

అప్పుడు ఆయనకు ఇరవైమూడేళ్ళు. సచివాలయంలో చిన్న గుమాస్తా. మా ఇంటి వరండాలో మడతమంచం ఆయన రాజ్యం. ఇరుగింటాయన స్కూటరు అడిగి తెచ్చి, కాళ్ళమధ్య రీళ్ళడబ్బాలు ఇరికించుకుని, మెడకు మఫ్లరు చుట్టి, పొగమంచులోంచి వచ్చేవాడు. హాలు వెనుకమెట్ల దగ్గర నేను కాచుకుని ఉండేదాన్ని. డబ్బాలు అందుకుని, మెట్లెక్కి, యంత్రపుగదిలో ఇవ్వడం నా పని. ఎవరూ నాకు అప్పగించలేదు, నేనే సంపాదించుకున్నాను. పదేళ్ళ పిల్లకు అంతకంటె గొప్ప పదవి ఏముంటుంది?

యంత్రపుగదిలో ఒక ఆపరేటరు చాచా ఉండేవాడు. గడ్డం నెరిసినవాడు. తెలుగు ఒక్క అక్షరం రాదు. అయినా చిన్న కిటికీలోంచి రెండు రీళ్ళు చూసి, మూడవదానికల్లా కథంతా చెప్పేసేవాడు.

“బేటీ, యే లడకా ఝూఠ్ బోలేగా. లడకీ రోయేగీ. ఆఖిర్ మే షాదీ.”

“మీకెలా తెలుసు చాచా?”

“అరే, ఔర్ క్యా హోగా? తీన్ ఘంటే బాద్ సబ్‌కో ఘర్ భీ తో జానా హై!” మూడుగంటలయ్యాక అందరూ ఇళ్ళకు పోవద్దా అని ఆయన వాదం.

తెగిన ఫిల్మును అతికించేటప్పుడు మిగిలిపోయే ముక్కలు ఆయన నాకు ఇచ్చేవాడు. వాటిని ఎండకు పెట్టి చూస్తే, గోరంత నాయిక అదే చిరునవ్వు అయిదుసార్లు నవ్వుతూ కనిపించేది. అలాంటి ముక్క ఒకటి నా పద్యాలపుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను. ఒకనాటి ఉదయం నాన్నగారు పాఠం చెప్పడానికి పుస్తకం తెరిచారు. ముక్కను వెలుతురుకు ఎత్తి, కళ్ళద్దాలు సవరించుకుని, సావధానంగా చూశారు.

“ఈమె ఏ ఆశ్వాసంలో వస్తుందమ్మా?” అని అడిగారు.

వంటింట్లోంచి మా అమ్మ, వరండాలోంచి బాబాయి ఒక్కసారిగా నవ్వడం ఇప్పటికీ నా చెవిలో ఉంది. నాన్నగారు మాత్రం నవ్వలేదు. ముక్కను తిరిగి అదే పుటలో పెట్టారు.

ఆయనకు సినిమా అంటే చులకన. అయినా సంఘం కోసమంటూ ప్రతి ఆటకూ వచ్చి, పైఅంతస్తులో మొదటివరుసలో కూర్చునేవారు. ఇంటికి వస్తూ దారిపొడుగునా ఖండించేవారు. “ఇందులో వైచిత్రి ఏముంది? నాయకుడు, నాయిక, విఘ్నం, సమాగమం. పూర్వకవులు చేసిందీ ఇదే, కాని అక్కడ వర్ణన ఉంది.”

“చివరికి కలుస్తారని ముందే తెలిస్తే ఎందుకు చదవడం నాన్నగారూ?” అని ఒకసారి అడిగాను.

ఆయన నడక ఆపారు. “కలుస్తారా అని కాదు చదవడం. ఎలా కలుస్తారా అని.”

ఆ మాటను నేను శాసనంగా తీసుకున్నాను. కలవడం అన్నది ఉండనే ఉంటుంది, మనకు తెలియవలసింది మార్గమొక్కటే. నా తప్పుకు బీజం అక్కడ పడింది.

*

మా క్వార్టర్లకు ఎదురు వరుసలో, మేడమీది ఒంటిగదిలో, ఒక నర్సు ఉండేది. కోస్తా జిల్లానుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి. అందరూ సిస్టర్ అనేవారు. నేను దానికి అక్క చేర్చి సిస్టరక్క అనేదాన్ని. ఆదివారం తెల్లవారుజామునే ప్రార్థనకు వెళ్ళివచ్చి, నీలంరంగు చీరమీద నర్సుల ఎర్రకోటు వేసుకుని, సరిగ్గా ఆట మొదలయ్యే వేళకు హాలుకు చేరేది. దగ్గరికి వెళ్తే ఆస్పత్రి సబ్బువాసన. చేతిసంచిలో నాకోసం ఎప్పుడూ ఒక పిప్పరమెంటు.

ఆమెకూ బాబాయికీ మధ్య ఏదో ఉన్నదని పెద్దలకంటె ముందు నాకు తెలుసు. దఫాకొకసారి డబ్బాలు దించేటప్పుడు బాబాయి “అందరూ వచ్చారా?” అని అడిగేవాడు. అందరూ అంటే ఎవరో నాకు అర్థమయ్యేది. “వచ్చారు, మూడో వరుసలో కూర్చున్నారు,” అనేదాన్ని. ఆయన చలికి కమిలిన ముఖం ఒక్కసారి వెలిగేది. అక్కడ లోపల సిస్టరక్క నన్ను పిలిచి, “స్కూటరాయన ఏవన్నా తిన్నాడా, లేదా?” అని అడిగేది. నేను పులిహోర డబ్బా మెట్లమీదికి మోసేదాన్ని. ఆయన ఎడమచేత్తో స్కూటరు పట్టుకుని నాలుగు ముద్దలు మింగి, మళ్ళీ పొగమంచులోకి వెళ్ళిపోయేవాడు. వాళ్ళిద్దరూ ఒకే సినిమాను ఒకే హాలులో పక్కపక్కన కూర్చుని చూసిన ఆదివారం ఒక్కటి కూడా లేదు.

ఆ చలికాలం నడిమికి వచ్చేసరికి విషయం మా ఇంట్లో పడింది. తలుపు వేసి మాట్లాడుకున్నారు గాని, రెండుగదుల ఇంట్లో తలుపు ఎంత దాస్తుంది?

“ఆ అమ్మాయి మంచిది కాదని నేననను,” అంటున్నారు నాన్నగారు. “ఊళ్ళో అమ్మ ఉంది. ఆవిడకు నేనేమని వ్రాయాలి? నువ్వే చెప్పు, ఆ వాక్యం నువ్వే కూర్చి ఇయ్యి, నేను వ్రాస్తాను.”

ఆ వాక్యం బాబాయికి కుదరలేదు. మడతమంచం మీద పడుకుని మూడురోజులు పైకప్పు చూశాడు. తూర్పున కొండప్రాంతంలో ఉన్న ఆస్పత్రిలో సిస్టరక్కకు ఉద్యోగమైందని ఎవరో చెప్పినప్పుడు కూడా లేవలేదు.

ఆ ఆదివారం కథ ఒక బస్సు కండక్టరుది. బట్టలు కుట్టే అమ్మాయికి రోజూ టికెట్టు చింపి ఇస్తూ గిల్లికజ్జాలు పెట్టుకుంటాడు. ఇక చెప్పడమెందుకు? మూడవ రీలుకే చాచా “షాదీ” అనేశాడు. పదహారవ రీలు చివర ఆ అమ్మాయి ఊరు విడిచిపోవడానికి బస్టాండులో పెట్టె పక్కన పెట్టుకుని నిలబడింది. తెరనిండా ముఖం. అంతటితో తెర తెల్లబడింది. దీపాలు వెలిగాయి. బాబాయి ఇంకా రాలేదు.

అంతకుముందు ఏనాడూ ఆలస్యం కాలేదు. పావుగంట గడిచింది. పిల్లలు ఈలలు వేశారు. తరువాత వేయవలసిన హిందీ ఆటకోసం హాలువాళ్ళు గడియారం చూసుకుంటూ తిరిగారు. ఆడవాళ్ళ వరుసల్లో చర్చ మొదలైంది.

“ఏవుందమ్మా, ఆడొస్తాడు, తాళి కడతాడు. పదండి పోదాం, పప్పు మాడిపోద్ది.”

“బాగుంది వదినా! ఇంతసేపు కూర్చుని, కట్టేది చూడకుండా ఎట్లా పోతాం?”

“తెలిసిందేగా?”

“తెలిసిందే. అయినా చూడాల్సిందే!”

నేను వెనుకమెట్ల దగ్గరికి పరుగెత్తాను. అక్కడ వెనుకగేటుకు ఆనుకుని, సైకిలు స్టాండు పక్కన, సిస్టరక్క నిలబడి ఉంది. ఆ ఉదయం లోపలికి రానేలేదు. నీలంచీర, ఎర్రకోటు, పక్కన రేకుపెట్టె. నన్ను దగ్గరికి పిలిచింది. ఆమె చేతులు మంచులా ఉన్నాయి.

“మీ బాబాయి ఇటే గదా వచ్చేది?”

“ఇటే అక్కా. ఆఖరి రీలు తెస్తాడు.”

“తెచ్చాక?”

“నాకిచ్చేసి, ముందువైపు టాంగా పిలవడానికి వెళ్ళిపోతాడు. పెట్టె స్టేషనుకు పంపాలి కదా.”

“సరే, విను బంగారం. ఆ గోడవార ఉంటా, రోడ్డు మీదోళ్ళకి కనపడకుండా. నేనున్నానని ఆయనకి చెప్పు. ఆఖరి రీలు అయ్యేదాకా ఉంటా. అయ్యాక ఉండను. జనం బయటికొస్తారు, అందరూ మనోళ్ళే, వాళ్ళ ముందర నేను నిలబడలేను. వస్తే వచ్చినట్టు. లేకపోతే సాయంత్రం బండి ఎక్కేస్తా. చెప్తావా?”

“చెప్తాను.”

“మర్చిపోవుగా?”

“నేనా!” అన్నాను రోషంగా. అష్టవిధనాయికల పేర్లు వరుసగా అప్పజెప్పగల దాన్ని.

ఆమె పిప్పరమెంటు ఇచ్చి గోడచాటుకు వెళ్ళింది. మరి అయిదునిమిషాలకు స్కూటరు వచ్చింది. బాబాయి ముఖంలో నెత్తురు లేదు. “పంక్చరయింది,” అని, డబ్బా నా చేతుల్లో పెట్టి, “పరిగెత్తు, పరిగెత్తు!” అన్నాడు. లోపల జనం బల్లలు చరుస్తున్నారు. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. కాని చేతుల్లో ఆఖరి రీలు ఉంది. ఆయన అప్పటికే ముందుగేటు వైపు తిరిగాడు. డబ్బా ఇచ్చి, వెంటనే దిగివచ్చి, వెనుకే పరుగెత్తి చెబుదామనుకున్నాను.

మెట్లెక్కాను. చాచా నా చేతిలోంచి లాక్కుని యంత్రానికి ఎక్కించాడు. యంత్రంలోని దీపపు కర్బనపుకడ్డీలు చిటపటమని అంటుకున్నాయి. ఆ పొగవాసనతోపాటు తెరమీద మళ్ళీ ఆ ముఖం వెలిగింది. హాలంతా ఒక్క ఊపిరి తీసింది. చాచా నా వైపు చూసి నవ్వి, రెండవ కిటికీ దగ్గరికి ఒక పీట జరిపాడు.

నేను పీట ఎక్కాను.

పసితనపు లెక్క ఒకటి వేసుకున్నానన్నది దాచను. బాబాయి టాంగాతో తిరిగివస్తాడు, అప్పుడు చెబుతాను. అక్క ఆఖరి రీలు అయ్యేదాకానే ఉంటానన్నది గాని, నాయికలు అలాగే అంటారు. పోతానంటారు, పోరు. ఇన్ని ఆదివారాలు చూశాను, ఒక్కతె కూడా వెళ్ళిపోలేదు. ఆలస్యంగా రావడమే నాయకుడి లక్షణం, వేచి ఉండడమే నాయిక లక్షణం. ఎలా కలుస్తారన్నదే చూడవలసింది.

కండక్టరు బస్సుకు అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. చించని టికెట్టొకటి ఆమె చేతిలో పెట్టాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది. నేను పీట మీద ఎగిరి చప్పట్లు కొట్టాను.

కిందికి దిగేసరికి జనం వాకిలి నిండా ఉన్నారు. వాళ్ళ స్వెట్టర్లమధ్యనుంచి దూరుకుంటూ వెనుకగేటుకు వెళ్ళాను. గోడవార ఎవరూ లేరు. తడినేలలో రేకుపెట్టె నాలుగంచుల ముద్ర ఉంది. నేను గేటు దాటి రోడ్డు రెండువైపులా చూశాను. నా బుగ్గలో పిప్పరమెంటు ఇంకా పూర్తిగా కరగలేదు.

బాబాయి టాంగా తెచ్చాడు. రీళ్ళన్నీ ఇనుపపెట్టెలో సర్ది, తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

“నాకోసం ఎవరైనా వచ్చారా చిట్టీ?”

“లేదు,” అన్నాను.

ఆయన తల ఊపి, తాడుకు ఇంకొక ముడి వేశాడు.

మరునాటి ఉదయం నాన్నగారి ముందు నాయికల పేర్లు అప్పజెబుతూ నాలుగవదాని దగ్గర ఆగిపోయాను. ఆయన అందించారు: “విప్రలబ్ధ.” అర్థమేమిటని మొదటిసారి అడిగాను. దూతికను పంపి, సంకేతస్థలంలో వేచి, నాయకుడు రాక వంచితురాలైన స్త్రీ అన్నారు.

“తప్పు దూతికదైతే?”

నాన్నగారు ఆలోచించారు. “అటువంటి కావ్యం నేను చదవలేదమ్మా,” అన్నారు.

ఆ ఏడాది వేసవిలోనే బాబాయికి పెళ్ళయింది. మా పిన్ని ఉత్తమురాలు. ఆయనకు ఒక్కనాడూ వేళ తప్పి అన్నం పెట్టలేదు. ఆమె స్మృతికి అన్యాయం చేసే మాట ఒక్కటీ వ్రాయను. సిస్టరక్కనుంచి ఉత్తరం రాలేదు. ఉదయపు ఆటలు మెల్లగా ఆగిపోయాయి, ఆ హాలు పడిపోయింది, టాంగాలు మాయమైనాయి. నేను తెలుగు చదివి, తెలుగే చెప్పి, ముసలిదాన్ని అయ్యాను. తరగతిలో అష్టవిధనాయికలను చెప్పవలసివచ్చినప్పుడల్లా నాలుగవదాన్ని త్వరగా దాటించేదాన్ని.

*

మొన్న నేను మాల్‌లో హాలు బయట తచ్చాడుతూ ఉండగా ఆట వదిలారు. అందరికంటె చివర, మనవరాలి చేయి పట్టుకుని, బాబాయి వచ్చాడు. కళ్ళు తడిగా, ముఖం విప్పారి ఉంది.

“ఏమే, ఆఖరున లేచిపోయావు? బ్రహ్మాండంగా కలిశారు!”

ముగ్గురం కాఫీకి కూర్చున్నాం. మనవరాలు క్యాబు పిలవడానికి ఫోనులో సిగ్నలు కోసం గాజుతలుపు దాకా వెళ్ళింది. కాఫీ చల్లారేలోగా చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది.

“బాబాయ్, నీకొక మాట చెప్పాలి. చాలా పాతది.”

“పాతదైతే తొందరేముంది? కాఫీ తాగనీ.”

“తాగు. తాగుతూనే విను.”

చెప్పాను. గోడవార నిలబడడం, ఆఖరి రీలు గడువు, పీట ఎక్కడం, ‘లేదు’ అనడం, ఏదీ దాచలేదు. ఆయన కాగితపు కప్పును బల్లమీద నెమ్మదిగా తిప్పుతూ విన్నాడు.

“ఏ గేటు?” అని అడిగాడు.

“వెనకది. సైకిలు స్టాండు పక్కన.”

“పెట్టె ఉందా?”

“ఉంది.”

పక్కబల్ల దగ్గర పిల్లలెవరో ఫోటోలు తీసుకుంటున్నారు.

“ఆనాడు నేనెందుకు ఆలస్యంగా వచ్చానో తెలుసునా నీకు?”

“పంక్చరన్నావు.”

“ఏ పంక్చరూ కాలేదే. రీలు కాళ్ళమధ్య పెట్టుకునే ఆమె గదికి వెళ్ళాను. ఇంటావిడ తలుపు తీసి, ‘వో తో సుబహ్ హీ చలీ గయీ, సామాన్ లేకర్’ అంది. పొద్దున్నే సామానుతో ఊరు వెళ్ళిపోయిందనుకున్నాను.”

“ఏం చెబుదామని వెళ్ళావు బాబాయ్?”

“మీ నాన్న అడిగిన వాక్యం,” అన్నాడు. “దారిలో కుదిరింది.”

తిట్టమని, కొట్టమని అడగాలనిపించింది. ఆయన నన్ను చూడడం లేదు.

“అన్నేళ్ళు రీళ్ళు మోశాను కదుటే. ఆఖరి రీలు నీ చేతికిచ్చి టాంగా కోసం పోయేవాణ్ణి. ఒక్క సినిమాకూ చివర చూసి ఎరుగను.” కప్పు కింద పెట్టాడు. “ఎంతసేపు నిలబడిందే?”

ఇన్నేళ్ళలో నన్ను నేను అడగని ప్రశ్న అదొక్కటే.

“తెలియదు బాబాయ్. నేను సినిమా చూస్తున్నాను.”

ఆయన తల ఊపాడు. ఆనాడు తాడు బిగిస్తూ ఊపినట్టే ఊపాడు. అంతలో మనవరాలు పరుగున వచ్చింది.

“చలో చలో, క్యాబ్ ఆ గయీ! వెనక గేటు దగ్గర ఆగాడంట. పాంచ్ మినట్ హీ రుకేగా, తర్వాత వెళ్ళిపోతాడు. అమ్మమ్మా, ఉఠో నా! ఏమైంది, ఏడుస్తున్నావా? పిక్చర్ తో హ్యాపీ ఎండింగ్ థీ!”

నేను కళ్ళు తుడుచుకుని చూసేసరికి బాబాయి అప్పటికే లేచి నిలబడ్డాడు. సినిమా అయ్యాక తెర నల్లబడేదాకా కదలని మనిషి, చేతికర్ర టకటకలాడించుకుంటూ ముందుకు సాగాడు.

“పదవే చిట్టీ,” అన్నాడు వెనక్కి తిరగకుండా. “పాపం, నిలబడి ఉంటాడు.”

ఆయన వెంట, ఆ మెరిసే నేలమీద, మోకాళ్ళు సహకరించకపోయినా, నేనూ వెనుకగేటు వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టాను. పదేళ్ళ వయసులో, ఆ మెట్లు దిగి, నేను పెట్టవలసిన పరుగు అది.